గ్రేసమ్మ మేడం మార్చుకున్న రూలు

కొత్త ఖాకీ గుడ్డ మీద వేడి ఇస్త్రీపెట్టె పడితే ఒక వాసన వస్తుంది. నిన్న మా వీధిలో ఇస్త్రీ బండి పక్కగా నడుస్తుంటే ఆ వాసన తగిలి, ఆత్మకూరులోని గ్రేసమ్మ మేడం రేకుల షెడ్డు కళ్లముందు నిలిచింది. తొంభైల్లో, ఇంటర్ అయ్యాక, నా మొదటి ఉద్యోగం అక్కడే. బడిపిల్లల యూనిఫారాలు కుట్టే పని. ఉదయగిరి బాప్టిస్టు కుటుంబంలో పుట్టిన మేడం, పొద్దున్నే మాచేత చిన్న ప్రార్థన చేయించి గంట కొట్టేవారు. ఇక మళ్లీ గంట కొట్టేదాకా దేవుడు పిలిచినా లేవకూడదని మేము గుసగుసలాడుకునేవాళ్లం.

ఆమె రాకముందు అక్కడ ఎవరి చొక్కా వాళ్లే మొదటినుంచి చివరిదాకా కుట్టేవారట. ఒకే తరగతిలో రకరకాల కాలర్లు కనబడేవి, బళ్లు తెరిచేనాటికి సగం బట్టలు కూడా అందేవి కావు. మేడం పనిని ముక్కలు చేశారు. కాలర్లకు ఒకరు, చేతులకు ఒకరు, పాకెట్లకు సులోచనక్క, కాజాలకు నేను. ఒక మిషను మీద మొదలైన ముక్క చేతులు మారుతూ చివరికి చొక్కాగా బయటపడుతుంటే నోరు తెరుచుకుని చూసేదాన్ని. ఆ వరసనే లైను అనేవాళ్లం. గొప్పంతా లైనుదే, మాకు మాత్రం చొక్కా కుట్టడం రాలేదు. "అంత పెద్ద షెడ్డులో పంజేస్తాండావే, నాకొక చొక్కా కుట్టు" అని మా నాయన అడిగితే, "కాజాలైతే కుడతా నాయనా" అన్నాను.

మధ్యలో సీట్లోంచి లేవాలంటే మేడం పర్మిషన్ కావాలి. చెప్పకుండా లేస్తే ఆ సీటు ఇంకొకరిది. బళ్లు తెరిచే ముందు ఒకరోజు మేడం గుడ్డ తేవడానికి నెల్లూరు వెళ్లారు. పొద్దున ఉదయగిరి నుంచి సులోచనక్క తమ్ముడు బస్సు దిగి పరుగున వచ్చాడు. అక్కడ అవ్వ దగ్గర వదిలిన ఆమె చిన్న కూతురికి వాంతులు, విరేచనాలట. ఆస్పత్రిలో సెలైన్ ఎక్కిస్తున్నారట. అమ్మ కావాలని ఒకటే ఏడుపట.

"పొయ్యి రాక్కా" అన్నాను.

"మేడం లేదు గదమ్మే. ఈ సీటు పోతే బిడ్డకు మందులెట్ట?"

సూపర్‌వైజర్ రమణయ్య తల దించుకున్నాడు. "పంపించే అధికారం నాకియ్యలేదు తల్లీ."

ఆమె కూర్చుంది. కన్నీళ్లు తుడుచుకుంటూనే సాయంత్రం దాకా కుట్టింది. ఒక్క పాకెట్టూ వంకర పోలేదు. అది చూసి నాకు భయం వేసింది.

సాయంత్రం వ్యాను దిగిన మేడంకు రమణయ్య సంగతి చెప్పాడు. "పొద్దున్నే పోకుండా ఇంకా ఈడనే ఉండావేందమ్మా?" అన్నారావిడ.

"మీ పర్మిషన్ లేదు గదా మేడం."

మేడం ముఖం పాలిపోయింది. గుడ్డల మూటలు దించకుండానే సులోచనక్కను వ్యాను ఎక్కించి, తానూ ఎక్కి ఉదయగిరి వెళ్లిపోయారు.

మర్నాడు నలిగిన చీరతోనే వచ్చి మా మధ్య నిలబడ్డారు. "పాప బాగుండాది" అన్నారు ముందు. "నిన్న తప్పు చేసింది సులోచన కాదు, మీరూ కాదు. నేను ఊర్లో లేకపోతే నా రూలు ఏం చేస్తాదో ఆలోచించలా. నన్ను క్షమించండి. ఇకమీద కష్టమొస్తే పక్క సీటామెకు చెప్పి పోండి."

"పక్కామెకు ఆ పని రాదు గదా మేడం, లైను ఆగిపోతాది" అన్నాడు రమణయ్య.

"అందుకే ఈ పొద్దు నుంచే నేర్పిస్తా."

పని నెత్తిమీద ఉన్న సమయంలో వారం రోజులు లైను ఆపేశారు. కొన్ని ఆర్డర్లు చేజారిపోయాయి కూడా. ఒక్కొక్కరికీ పక్కవాళ్ల పని నేర్పారు. నాకు పాకెట్టు ఆమే నేర్పారు. వంకర పోయినప్పుడల్లా కుట్టు విప్పి, "మళ్లీ" అనేవారు. గంట పోలేదు, లైనూ పోలేదు. సులోచనక్క తిరిగి వచ్చేసరికి ఆమె సీటు ఆమెకే ఉంది. పనివాళ్ల ముందు నిలబడి తప్పు నాదన్న యజమానిని అంతకుముందు నేను చూడలేదు. ఆ తర్వాతా చూడలేదు.

ఇప్పుడు నా కింద కొందరు పనిచేస్తున్నారు. రూలు లేకుండా పని నడవదని ఆమె దగ్గరే నేర్చుకున్నాను కనుక నేనూ రూలు పెడతాను. కానీ పెట్టే ముందు, నేను ఊళ్లో లేని రోజు దీన్ని ఎవరు పక్కన పెట్టగలరని నన్ను నేను అడుగుతాను. సులోచనక్క కూతురి ఏడుపు నేను చెవులారా విన్నది కాదు. అయినా ఆ ప్రశ్నకు జవాబు దొరకని ప్రతిసారీ నాకది వినబడుతుంది.