కుర్చీకి అందే దుర్భిణి

పోయిన బుధవారం మా చిన్నాయన దవాఖానలో కన్నుమూశాడు. కబురు తెచ్చిన రైల్వే మనిషి గుమ్మంలోనే నిలబడి, "అక్కా, ఫిట్టర్ సాబ్ లేడు" అన్నాడు. ఎక్కడికి వెళ్లాడని అడగబోయాను. అంత మొద్దు బుర్ర నాది.

మా బాపుకు తమ్ముడాయన. కాజీపేట రైల్వేలో ఫిట్టరు పని, కొత్తవాడలో మా ఇంట్లోనే ఉండేవాడు. ఏదో పత్రికలో చదివి సొంతంగా దుర్భిణి చేయాలని పట్టుబట్టాడు. దాని అద్దం కోసం రెండు గాజు బిళ్లల మధ్య గరుకు పొడి, నీళ్లు పోసి, ఒకదాని మీద ఒకటి నెలల తరబడి రుద్దాడు. ఎవరైనా నవ్వితే, "రుద్దుడే మన చేతిల ఉన్నది, మెరుసుడు గాజు ఇష్టం" అనేవాడు.

మొదట చేసింది న్యూటన్ రకం. అందులో అద్దం అడుగున ఉంటుంది, కన్ను పెట్టే చోటు గొట్టం పైకొసన. అది తయారైన సాయంత్రం మా గల్లీ అంతా స్టూలెక్కి చంద్రుణ్ణి చూసింది. నా వంతు వచ్చేసరికి ఆయన మొహం మాడిపోయింది. పోలియోతో నా కాళ్లు చచ్చుబడ్డ సంగతి రుద్దుడు ధ్యాసలో మరిచిపోయాడు పాపం.

"రా బిడ్డా, ఎత్తుకుంట."

నాకప్పుడు పదహారేళ్లు. అందరూ చూస్తున్నారు. "నన్నెవ్వరు ఎత్తుకునుడు వద్దు. చంద్రుణ్ణి చూడకుంటే సచ్చిపోతనా?" అన్నాను. నా నోరు పాడుగాను.

మర్నాడే గొట్టం విప్పేశాడు. నన్ను కుర్చీలో నిటారుగా కూర్చోమని, నా కంటి ఎత్తున గోడ మీద ఎర్ర రంగుతో గీత గీశాడు. "ఇగో, ఇది నీ కన్ను. దుర్భిణి ఈడికే రావాలె." ఈసారి కాసెగ్రెయిన్ రకమట. పైనున్న చిన్న అద్దం వెలుగును తిప్పికొడితే, అది పెద్ద అద్దం నడుమ బొక్కలోంచి వెనక్కి వస్తుంది. కూర్చునే చూడొచ్చు. ఎనభై ఆరులో, డెబ్బై ఆరేళ్లకోసారి కనిపించే తోకచుక్క వచ్చేలోపు తయారు కావాలని ఆయన పంతం.

ఆయనకు తెలిసిన కాలేజీ సారు వద్దన్నాడు. "బొక్క కొడితే అద్దం పలుగుతది సాబ్. న్యూటన్‌దే మంచిది."

"మంచిదేదో నాకెరికే సార్. మా బిడ్డకు అందేది గావాలె."

సారు అన్నట్టే అయింది. ఏడాది రుద్దిన అద్దం, బొక్క సగం పడ్డాక టక్కున పలిగింది. నేను నాలుగడుగుల దూరంలో ఉండి కూడా ముక్కలు ఏరలేకపోయాను. "జర పొరపాటైంది. ఫికర్ జేయకు, ఇంకోటి రుద్దుదాం" అని నన్నే ఓదార్చాడు. రెండోది సగంలో ఉండగా ఆయన చేతులకు వణుకుడు జబ్బు పట్టుకుని పని ఆగిపోయింది. తోకచుక్క వచ్చింది, పోయింది.

"పాతదే బిగించు, నన్ను ఎత్తుకో" అంటే సరిపోయేది. ఎన్నోసార్లు ఆ మాట నోటిదాకా వచ్చి ఆగింది. పొగరు అనండి, సిగ్గు అనండి. చివరికి దవాఖాన మంచం పక్కన అన్నాను, "నన్ను ఎత్తుకో చిన్నాయనా" అని. ఆయన వణికే చేతుల్ని దుప్పటి మీంచి లేపి, కాసేపు చూసుకుని, మళ్లీ దించేశాడు.

"ఇప్పుడు అడుగుతానవా బిడ్డా" అన్నాడు, నవ్వుతూనే.

దినాలకని నిన్న ఇంటికి సున్నం వేయించారు. గోడ దగ్గర సున్నం కొట్టే అతను చెయ్యి ఆపి, "అక్కా, ఈ ఎర్రగీత మీద గూడ కొట్టాల్నా?" అని అడిగాడు. నా కుర్చీని గోడ పక్కకు జరపమన్నాను. నా కన్ను ఇప్పటికీ సరిగ్గా ఆ గీత దగ్గరికే వస్తోంది.