లేదన్నవాడికి ఆకు, తెలీదన్నవాడికి వీధి

మొన్న శనివారం విల్లియనూరులో మా భజన గోష్ఠి పందిట్లో, ఇప్పుడు గోష్ఠికి పెద్దగా ఉన్న, నా కొడుకు ఈడు మనిషి మైకు పట్టుకుని, దేవుడు లేడనేవాడూ ఉన్నాడో లేడో తెలియదనేవాడూ ఒకే బుట్టలోని కుళ్ళిన కాయలని, ఇద్దరికీ పందిట్లో చోటు లేదని సెలవిచ్చాడు. ముందు వరసవాళ్ళు తలలాడించారు. నేను పారాయణ మధ్యలో లేచి వచ్చేశాను. ఇన్నేళ్ళలో నేనట్లా లేవడం అదే మొదలు. నా కోపం ఇంకా తగ్గలేదు, మనలో కొందరికైనా ఇది అర్థమవుతుందనే రాస్తున్నాను.

ముందే చెబుతాను, నాకు ఏ సందేహమూ లేదు. ఊహ తెలిసినప్పటినుంచి గోష్ఠిలో కూర్చున్నవాణ్ణి. తమిళనేల మీద పుట్టి పెరిగి తెలుగు అక్షరం చదవలేని మా వీధి పెద్దలు చెవితో నేర్చుకుని, నా చెవిలో పోసిన స్తోత్రాలు ఇవాళ్టికీ తడబడకుండా చెబుతాను. భగవంతుడున్నాడు. ఉన్నాడు కాబట్టే ఆయన పేరుతో మా ఇంట్లో జరిగిన ఒక అన్యాయం నాకు మింగుడుపడదు.

మా తాత పోయేనాటికి నేను మిల్లులో కొత్తగా పనికి చేరాను. మా గోష్ఠి ఇళ్ళలో అప్పుడొక ఆచారం ఉండేది. పెద్దకర్మ నాడు ఆకులు వేసి వడ్డించాక, గోష్ఠి పెద్ద కొడుకులను వరసగా, పోయినాయన యాడికి పోయినాడని అడిగేవాడు. పరమపదానికి అని ప్రతి కొడుకూ బదులిస్తేనే గోష్ఠి అన్నం ముట్టేది. ఆ మాట పడేదాకా పోయినవాడు దారిలోనే నిలబడి ఉంటాడని మా ఆడవాళ్ళ నమ్మకం, అందుకని మా అవ్వ పొద్దుటినుంచి తలుపు వెనక ఆ మాట కోసమే చెవులు రిక్కించుకుని కూర్చుంది.

మా నాయన నా పసితనంలోనే పోయాడు, ఇక అడగాల్సింది ఆయన అన్ననూ తమ్ముణ్ణీ. అందరికీ భయం మా పెదనాయన గురించే. ఆయన నల్లచొక్కా తొడుక్కుని మీటింగుల్లో దేవుడు లేడని గొంతు చించుకునేవాడు. చిన్నాయన గురించి ఎవరికీ దిగులు లేదు, ఎందుకంటే ఆయన ధనుర్మాసంలో తాత వెనకే తాళాలు పట్టుకుని వీధులన్నీ తిరిగినవాడు, ఆయన గొంతు కలవనిదే మా భజన నిండేది కాదు.

పెదనాయన ఒక్క క్షణమైనా ఆలోచించలేదు. "యాడికేంది మామా, పరమపదానికే. రసం చల్లారతా ఉంది, కానీయండి." పంక్తి అంతా నవ్వింది. గోష్ఠి పెద్ద కూడా నవ్వి చిన్నాయన వైపు తిరిగాడు.

చిన్నాయన ఆకు వైపే చూస్తూ, "నాకు తెలీదు మామా" అన్నాడు.

"ఏందిరా తెలీకపొయ్యేది? నల్లచొక్కావోడే చెప్పినాడు గదా, నీకేం నోరు పడిపోయిందా?"

"అన్నకు అది ఒట్టి మాట, అనేసినాడు. నాకు అట్ల కాదు. నాయన ఆడికే పోయుండాలని నాకూ ఆశే. తెలిసినట్టు యాడ చెప్పేది?"

గోష్ఠి పెద్ద ఆకు ముందునుంచి లేచాడు, ఆయన వెనకే అందరూ లేచారు. అప్పుడు మా పెదనాయన, తమ్ముడి వంతు కూడా నేనే చెబుతున్నానంటూ అదే మాట ఇంకోసారి అన్నాడు. దాన్ని ఒప్పుకుని గోష్ఠి మళ్ళీ కూర్చుని భోంచేసింది! చిన్నాయనను మాత్రం మర్నాటినుంచి పందిట్లోకి రావద్దన్నారు.

నమ్మకంతో ఆ మాట అనమంటే అన్నదమ్ములిద్దరూ అనలేరు, అంతవరకూ ఇద్దరూ ఒకటేనని నేనూ ఒప్పుకుంటాను. అయితే లేదన్నవాడు తనవరకు సంగతి తేల్చేసుకున్నాడు, ఇక ఆ మాట ఎన్నిసార్లు అన్నా వాడికి పోయేదేమీ లేదు. తెలీదన్నవాడికి అది నిజం కావచ్చునన్న భయం ఉంది, భక్తి అని కూడా అంటాను నేను, ఎవరేమనుకున్నా సరే. చదువుకున్నవాళ్ళు దానికి అజ్ఞేయవాదమని పేరు పెట్టారు. మా గోష్ఠి పెట్టిన పేరు ద్రోహం. మా అందరి ముందూ నిజం చెప్పిన ఒక్కణ్ణీ వీధిలో నిలబెట్టి, అబద్ధానికి రెండోసారి పాయసం వడ్డించారు.

మా అవ్వ ఆరోజు పెద్దకొడుకు మాట తీసుకోలేదు. వాడికి ఏదైనా ఒకటేలే అని లోపలికి వెళ్ళి పడుకుంది. ఆ తరవాత బతికినన్నాళ్ళూ, అన్నం పెడుతూనో తల తుడుచుకుంటూనో, "ఏం నాయనా, ఇప్పుడన్నా తెలిసిందా?" అని చిన్నాయనను అడిగేది. ఆయన "ఇంకా లేదమ్మా" అనేవాడు. ఆమె సరే అని ఇంకో గరిటె వడ్డించేది. భర్త ఇంకా దారిలోనే ఉన్నాడన్న బాధతోనే ఆమె పోయింది. ఒక్క అబద్ధంతో ఆ తల్లిని నిమ్మళపరచగలిగీ ఆయన పరచలేదు. అందుకు ఆయన మీదా నాకు కోపమే, ఆ కోపంతోనే ఆయనకు దణ్ణం పెట్టుకుంటాను.

చిన్నాయన పోయినప్పుడు గోష్ఠి రాలేదు. భోజనాలు హోటలునుంచి తెప్పించారు, ఎవరూ ఎవరినీ ఏమీ అడగలేదు, ఆకు పడగానే అందరూ తినడం మొదలుపెట్టారు. ఇప్పుడు గోష్ఠి ఇళ్ళలోనూ అంతే, అడుగుతూ కూర్చుంటే వడ్డన ఆలస్యమవుతుందట. మైకులో అందరినీ తిట్టడానికి తీరిక ఉంది, ఒక కొడుకు ముందు కూర్చుని నీ తండ్రి యాడికి పోయినాడురా అని అడగడానికి లేదు. నా వంతు వచ్చిన నాడు మా పిల్లలను ఎవరైనా అడిగితే బాగుండును. వాళ్ళు కాసేపు ఆలోచించి తెలీదన్నా నాకు చాలు.