నేను ఇవ్వని జిరాక్సు

మొన్న మా పాత పరిశోధన సంస్థ నుంచి వచ్చిన వార్షిక నివేదికలో, తమ శాస్త్రవేత్తల వ్యాసాలను ఎవరైనా పైసా కట్టకుండా చదువుకునే వీలు ఏటేటా పెరుగుతోందని గొప్పగా వేసుకున్నారు. సంతోషించాల్సింది పోయి నాకు ఒళ్లు మండింది, అదీ నా మీదే.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో నేను చర్ల అడవుల్లో పోడు చేల మట్టి పరీక్షించేవాణ్ణి. ఎండలో గుంటలు తవ్విపెట్టిన గూడెం పెద్దాయన, మాకు అంబలి పోసిన ఆయన ఇల్లాలు ఇప్పటికీ కళ్లముందే ఉన్నారు. ఆ చేలు తరాల నాటివని మట్టిలోని బొగ్గుపొరలను బట్టి తేల్చి రాసిన వ్యాసం విదేశీ పత్రికలో అచ్చయింది. దాన్ని అందరూ ఉచితంగా చదివేలా తెరిచి ఉంచాలంటే పత్రికవాళ్లకు కట్టాల్సిన రుసుము మా సంస్థ తాహతుకు మించినది కావడంతో, హక్కులన్నీ వాళ్లకే రాసిచ్చాను.

ఆ ఎండాకాలమే, అడవిని కొత్తగా నరికారంటూ గూడేనికి అటవీశాఖ నుంచి ఖాళీ చేయమని నోటీసు వచ్చింది. పెద్దాయన బస్సెక్కి ఖమ్మంలోని మా ఆఫీసుకొచ్చి, "మా చేన్లు పాతయని మీరే రాసిన్రంట గద సారూ, గా కాయితం ఒక్కటియ్యిన్రి, ఆఫీసర్లకు జూపెడ్త" అన్నాడు. వ్యాసం నా సొరుగులోనే ఉంది. జిరాక్సు ఇస్తే పత్రికవాళ్లు కేసు పెడతారేమోనని భయపడి, పైవాళ్లను అడిగి చెబుతానన్నాను, అడగలేదు. రాసినవాడు ఒక ప్రతి ఎవరి చేతికైనా ఇవ్వవచ్చని పత్రికతో చేసుకున్న ఆ ఒప్పందంలోనే ఉందని తర్వాతెప్పుడో తెలిసింది. చదవకుండా సంతకం పెట్టిన మేధావిని నేను!

వారం తిరక్కుండా మట్టి సంచుల కోసం వెళ్లేసరికి గూడెం తగలబడుతోంది. ఖాళీ చేయించడానికి కర్రలు పట్టుకొచ్చినవాళ్లు గుడిసెలు కూల్చి నిప్పుపెట్టి, అడ్డం పడిన పెద్దాయన ఇల్లాలిని జుట్టు పట్టి ఈడ్చి తల పగలగొట్టారు. పెద్దాయనను బోర్లా పడేసి, వీపు మీద కాలేసి తొక్కిపెట్టి, కుడిచేతి మీద ఎముక బయటికి పొడుచుకొచ్చేదాకా కొట్టారు. ఆ కేకలకు నా కాళ్లు జీపు దగ్గరే ఆగిపోయాయి, సిగ్గులేని కాళ్లు.

భద్రాచలం దవాఖానాలో ఆ చేయి తీసేశారు. మంచం పక్కన నిలబడితే ఆయన కోపమే లేకుండా అడిగాడు: "పైవాళ్లను అడిగిన్రా సారూ? ఏమన్నరు?"

అడిగాను, ఒప్పుకోలేదు అన్నాను.

ఇప్పటి కుర్ర శాస్త్రవేత్తలు రాసింది రాసినట్టు లోకం ముందు పెడుతున్నారు, అడిగినవాడి ఫోనుకు క్షణంలో పంపుతున్నారు, చూస్తే ముచ్చటేస్తుంది, అసూయా కలుగుతుంది. పెద్దాయన మాత్రం పైవాళ్లే ఒప్పుకోలేదని నమ్మి, కనిపించినప్పుడల్లా నాకు ఎడమచేత్తో దండం పెడుతూనే పోయాడు.