మామయ్యగారి పటానికి దండ

కొత్త కెమెరా వచ్చిందన్న కబురు నాకు ముందుగా తెచ్చింది మా మరిది రవి. ఉయ్యూరులో మాది మామయ్యగారు పెట్టిన ఫొటో స్టూడియో. ఏ కెమెరా కొన్నా తొలి ఫొటో ఇంటి ఇల్లాలికి తీయాలన్నది ఆయన పెట్టిన ఆచారం. ఆయన పోయాక, ఆ ఫొటో అవగానే నేను ఆయన పటానికి దండ వేస్తున్నాను. శుక్లాల వల్ల నాకు అంతా మసక. చేత్తో తడుముకునే వేస్తాను.

ఆ ఉదయం పామర్రు నుంచి ఫొటోగ్రాఫర్ ప్రసాదుగారు కూడా వచ్చారు. మావారు నన్ను పటానికి ఎదురుగా కూర్చోబెట్టి ఫొటో తీశారు. ముగ్గురూ కంప్యూటర్ ముందు చేరారు. నేను దండ తీసుకుని పటం దగ్గరికి నడిచాను.

"రెప్పవెంట్రుకలు లెక్కపెట్టొచ్చండీ బాబూ!" అన్నారు ప్రసాదుగారు.

"ఇంకా పెద్దది చెయ్యరా రవీ, కంటిపాపలో మనం కూడా ఉన్నాం" అన్నారు మావారు.

"నాన్న పటం కూడా ఉందన్నయ్యా! వదినా, చేమంతి దండ భలే కట్టావు."

పటం వైపు చాచిన చెయ్యి ఆగిపోయింది.

"దండ ఇంకా నా చేతిలోనే ఉంది రవీ" అన్నాను.

పటంలో మామయ్యగారి మెడ దగ్గర ఏదో మెల్లగా కదిలింది.

"వదినా, వెనక్కి వచ్చెయ్" అన్నాడు రవి సన్నగా.

అది తాచుపాము. పాములు పట్టే ఆయన వచ్చి తీసుకెళ్ళేదాకా దండ నా చేతిలోనే ఉంది.

నా కంటికి కనబడనిది, నా కంట్లోనే కనబడింది. ఈ సాయంత్రం దీపం పెట్టేటప్పుడు, ఆ ఆచారం పెట్టిన మా మామయ్యగారు సూర్యనారాయణగారిని మీరూ ఒక్కసారి తలుచుకోండి.