కాలువ నీళ్ళ థీసిస్

పర్యావరణ ఇంజనీరింగ్ ల్యాబులో సీసాలు కడిగే పెద్దాయన ఇరవై ఏళ్ళలో బోలెడు డాక్టరేట్లను చూశాడు. వాళ్ళలో ముక్కు మూసుకోకుండా మురుగు కాలువలోకి దిగినవాడు ఒక్కడూ లేడు. ఈసారి వచ్చిన పరిశోధకుడైతే గట్టు మీదే నిలబడి, తాడు కట్టిన సీసా వదిలి, అది సగం నిండగానే లాగేసి బండెక్కాడు.

"సీసా అంచుదాకా నింపాలి బాబూ, ఒక్క బుడగ కూడా ఉండకూడదు. సగం సీసాని గంటసేపు బండి మీద కుదిపి తెస్తే అందులో గాలంతా నీళ్ళలో కలిసిపోతుంది" అని పెద్దాయన చెప్పాడు. ఆ మహానుభావుడు చెవిలో ఇయర్‌ఫోన్ కూడా తీయలేదు.

థీసిస్ తయారైంది. మురుగు కాలువలో ప్రాణవాయువు పుష్కలంగా ఉందనీ, చేపలు హాయిగా బతికేయొచ్చనీ తేల్చింది. గైడు మురిసిపోతూ సంతకానికి కలం తీశాడు. ఆయన బల్ల పక్కన గాజుతొట్టిలో బంగారు చేపలు తిరుగుతున్నాయి. ఆ తొట్టి కడగడం కూడా పెద్దాయన పనే.

"అంత మంచి నీళ్ళయితే, ఈ వారం తొట్టిలో కాలువ నీళ్ళే పోస్తాను సార్" అన్నాడు పెద్దాయన, బకెట్ అందుకుంటూ.

గైడు ఉలిక్కిపడ్డాడు. "వద్దు వద్దు, చచ్చిపోతాయి" అన్నాడు.

అని, సంతకం పెట్టేశాడు.