ఎత్తలేదు, తోశాను

ఆ వీధిలో ఆవిడ అసలు పేరు ఎవరికీ అక్కర్లేదు. పెద్దాచిన్నా అందరికీ మడతపిన్నే. ఆవిడ ఇస్త్రీ చేసిన చొక్కా విప్పి తొడుక్కోవాలంటే మనసొప్పేది కాదు. పని ఎంత నీటో నోరు అంత దురుసు. పాపం, ఆ నోటి కింద నలిగింది చెల్లెలే. ఇద్దరికీ మొగుళ్ళు పోయాక ఒకే గదిలో ఉంటున్నారు. గది ముందు భాగమే ఇస్త్రీ కొట్టు, మధ్యలో ఓ తెర. చెల్లెలు మడతపెట్టిన గుడ్డ లాక్కుని, "దీన్ని మడతంటారా? నీ మొహంలా ఉంది" అని పిన్ని మళ్ళీ మొదలుపెట్టేది. చెల్లెలు ఇంకో గుడ్డ అందుకునేది.

ఓరోజు పై అరలో మూట అందుకోబోయి పిన్ని పీట మీంచి జారింది. పడింది మూరెడు ఎత్తు నుంచే. కుడి చెయ్యి మాత్రం భుజానికి కాస్త కిందుగా విరిగింది.

ఆపరేషన్ చేసిన డాక్టరమ్మ దగ్గర కూర్చుని చెప్పింది. "ఎముకలు బాగా గుల్లబారాయి పెద్దమ్మా. లోపల ప్లేటు పెట్టి స్క్రూలు బిగించాను. గట్టి ఎముకైతే స్క్రూని వదలదు. మీది సుద్దలో మేకు దిగ్గొట్టినట్టుంది. అతుక్కునేదాకా ఈ చేత్తో ఏదీ ఎత్తకండి. నీళ్ళ చెంబు కూడా వద్దు."

"ఎత్తను తల్లీ, ఒట్టు" అంది పిన్ని. మాట నిలబెట్టుకుంది కూడా. మంచినీళ్ళ గ్లాసైనా ఎడమ చేత్తోనే పట్టుకునేది.

ఇస్త్రీ బల్ల దగ్గర చెల్లెలు నిలబడింది. చెయ్యి పట్టీలో వేలాడేసుకుని పిన్ని పక్కన కుర్చీలో కూర్చుంది. ఇక చూడాలి! కాలరు ముడత పడిందని, ప్యాంటు గీత పాములా పోతోందని పొద్దస్తమానం సాధింపే. వాడుకగా వచ్చేవాళ్ళు కూడా సణగడం మొదలుపెట్టారు. ఒకావిడ తన బట్టలు వీధి చివరి కొట్టుకు పట్టుకెళ్ళింది. ఆ రోజు పిన్నికి అన్నం సయించలేదు.

మర్నాడు చెల్లెలు లోపల భోంచేస్తుంటే పిన్ని పట్టీలోంచి చెయ్యి బయటికి తీసింది. ఇస్త్రీ పెట్టెను ఎడమ చేత్తో లేపి చొక్కా మీద పెట్టింది. కుడి చెయ్యి ఆనించి తోసింది. ఆవిడ లెక్కలో ఇస్త్రీ పెట్టె ఎత్తే వస్తువే కాదు, తోసేది. ఒట్టు తప్పలేదన్న ధీమాతో రోజూ నాలుగు చొక్కాలు అలాగే చేసింది. చెల్లెలు తెర పక్కనుంచి చూస్తూనే ఉంది. వద్దంటే తిట్లు తినాలి. అదీకాక, పని చేస్తున్నంతసేపూ అక్క సాధించడం లేదు. ఆ కాస్త సుఖం కోసం ఊరుకున్నందుకు తర్వాత చెల్లెలు కుమిలిపోయింది.

చెయ్యి మళ్ళీ వాచింది. ఎక్స్‌రేలో స్క్రూలు ఊడి ప్లేటు పక్కకు ఒరిగి కనిపించింది.

"ఏం ఎత్తారు పెద్దమ్మా?"

"నేనేం ఎత్తలేదమ్మా, కావాలంటే మా చెల్లెల్నడుగు. ఇస్త్రీ పెట్టె తోశాను, అంతే."

డాక్టరమ్మ తల పట్టుకుంది. "తోస్తే మీ ఒంటి బరువంతా పడేది ఆ చేతి మీదే కదమ్మా!"

మళ్ళీ కోసి ఇంకా పొడుగు ప్లేటు వేసి, స్క్రూలకు పట్టు దొరకని చోట ఎముక సిమెంటు నింపాలంది.

"మళ్ళీ బల్ల దగ్గర నిలబడతానా?"

"అన్నం కలుపుకుంటారు. ఇస్త్రీ సంగతి మర్చిపోండి."

"మరి ఎందుకమ్మా కొయ్యడం?"

"అన్నం తినడానికే అక్కా" అంది చెల్లెలు. అక్క మాటకు ఎదురు చెప్పడం అదే మొదలు.

రెండో ఆపరేషన్ నిలిచింది. పిన్ని తెర వెనక మంచం మీదికి చేరింది. బల్ల కనపడకుండా తెర లాగేసుకునేది. సాధించేవాళ్ళు లేక చెల్లెలి చెయ్యి మెల్లగా కుదురుకుంది.

ఓ సాయంత్రం వాడుకగా వచ్చే టీచరమ్మ చొక్కాలు తీసుకుని మురిసిపోయింది. "పిన్ని చెయ్యి బాగైనట్టుందే! ఇది పిన్ని మడతే, నాకు తెలీదూ!"

కాదని చెప్పబోయింది చెల్లెలు. ఇంతలో తెర వెనక నుంచి, "అవునమ్మా, బాగైంది" అని వినపడింది.

టీచరమ్మ వెళ్ళాక చెల్లెలు లోపలికొచ్చింది. అక్క ఎడమ చేత్తో కళ్ళు తుడుచుకుంటోంది.

"ఎందుకక్కా అబద్ధం?"

"నువ్వు చేశావని తెలిస్తే, ఇక నన్నెవరడుగుతారే?"