కడంబూరు కోటతోట, అమ్మ అడిగిన మూరెడు పూలు

నాన్న పోయిన రెండేళ్లలో అమ్మ గడప దాటింది తక్కువ. విరుదునగర్‌లో ఉద్యోగం చేస్తూ ఎండాకాలం సెలవులకు తమిళనాట మా ఊరు కోవిల్‌పట్టికి వచ్చిన నేను, ఆమెను ఎక్కడికైనా తీసుకెళ్లాలనుకున్నాను. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలవి. కడంబూరు దగ్గర పాత జమీను కోటలో తోట పూసిందని విని, పోదామన్నాను. పెళ్లైన కొత్తలో నాన్న ఆమెను తీసుకెళ్లిన చోటది.

"మొగుడు పోయినదానికి తోటెందుకు పాపా?" అంది. "నాకు తోడు రావమ్మా" అంటే కదిలింది.

పొద్దున ఏడింటి పాసింజరు ఎక్కాం. టికెట్టు ఐదు రూపాయలు. నెర్రెలిచ్చిన నల్లరేగడి చేలు దాటితే అరగంటలోపే కడంబూరు. స్టేషన్ నుంచి ఆటోకు ముప్పై. "కోటలో గోడలే మిగిలుండాయి. పూలకైతే పోండి" అన్నాడు డ్రైవరు తమిళంలో.

నిజమే. పైకప్పులు కూలాయి గానీ, బావి చుట్టూ మల్లెపొదలు విరగబూశాయి. గోడ వెంబడి ఎర్రగన్నేర్లు. అమ్మ ఒక్కో పొద దగ్గరా ఆగుతూ నడిచింది.

బావి గట్టున తోట చూసుకునే ముసలమ్మ పూలు కడుతోంది. వచ్చిన ఆడవాళ్లెవరినీ ఉత్త తలతో పంపకపోవడం అక్కడి వాడుక. డబ్బు తీసుకోరు. మా తెలుగు మాటలు విని, తానూ తమిళం మాని తెలుగులో "మీరూ మనవాళ్లేనా!" అంటూ నాకొక మూర తెంపి ఇచ్చింది. అమ్మ వైపు తిరిగింది. బొట్టులేని నొసలు చూసి చెయ్యి వెనక్కి తీసుకుంది.

నాకు ఒళ్లు మండింది. నోరు తెరవబోతే అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"నాకూ ఇయ్యక్కా."

"తలలోకా?"

"తలలోకే. పుట్టినప్పటి నుంచీ పెట్టుకుంటి. ఆయన తెచ్చినవా, ఆయనతో పోయేదానికి?"

ముసలమ్మ రెండు మూరలు తెంపి, "తల తిప్పు తల్లీ" అని తానే తురిమింది. నేను బావి అవతలికి పోయి ఏడ్చాను.

తిరిగొచ్చేటప్పుడు మా వీధి మలుపులో అమ్మ కొంగు తలమీదికి లాక్కుంటుందేమోనని భయపడ్డాను. లాక్కోలేదు. ఎదురింటావిడ చూసి ముఖం తిప్పుకుంది. ఆచారాలు ఎవరు పెట్టారో నాకు తెలియదు. వాటికి ఎదురు నిలవడానికి అమ్మకు రెండేళ్లు పట్టిందని మాత్రం తెలుసు.

వెళ్లేవాళ్లకు ఒక్క మాట: ఎండ ముదరకముందే, తొమ్మిదిలోపు చేరండి. మీ ఇంట్లో పూలు మానుకున్నవాళ్లుంటే వాళ్లనూ తీసుకెళ్లండి. మరుసటి ఏడు వెళ్లినప్పుడు చూశాను, ముసలమ్మ పూలిచ్చే ముందు ఎవరి నొసలూ చూడటం మానేసింది.